గింజ లేస్తలేదు

మృగశిర కార్తె వచ్చిన మర్నాడు పొద్దున్నే రంజిత్ గద్వాలలో బస్సు దిగాడు. వేసుకున్న పథకం చాలా మామూలుది. పత్తివిత్తనాల వ్యాపారి కురుమూర్తి గోదాములో తేమనూ వేడినీ కనిపెట్టే పెట్టె బిగించాలి, నడిపి చూపాలి, మధ్యాహ్నానికి వనపర్తిలో అక్క ఇంట్లో అన్నం తినాలి. పెట్టె నడవకపోతే మాత్రం హైదరాబాదు ఆఫీసుకు మళ్లీ రానక్కర్లేదని యజమాని ముందే చెప్పాడు. నవ్వుతూ చెప్పలేదు.

కొనేవాళ్ల ముందు బెదరగొట్టే ఇంగ్లీషు మాటలు వాడొద్దని కూడా చెప్పాడు. అందుకని రంజిత్, ఆఫీసు నుంచి ఫోన్లో సాయం చేసే జయశ్రీ కలిసి తెలుగు పేర్లు పెట్టుకున్నారు. మెమొరీ అంటే యాది. డివైస్ ట్రీ అంటే చెట్టు. పెట్టెను నడిపించే కెర్నల్ అంటే గింజ. ఇద్దరిదీ పాలమూరే. భాషతో చిక్కేమీ ఉండదనుకున్నారు.

గోదాములో రంజిత్ పెట్టె బిగించి కరెంటు ఇచ్చాడు. ముందుగా, కెర్నల్‌ను లేపే బూట్‌లోడర్ మేల్కొంది. బోర్డు మీద మెమొరీ ఎంత ఉందో చెప్పే డివైస్ ట్రీని కెర్నల్ చేతికిచ్చి, ఇక లెమ్మంది. కెర్నల్ లేచింది. నాలుగడుగులు వేసింది. లేని మెమొరీలో కాలుపెట్టి కూలిపోయింది. ఈసారి బోర్డు చేసినవాళ్లు సగం మెమొరీయే అతికించారు. డివైస్ ట్రీలో మాత్రం నిండుగా ఉన్నట్టే ఉంది.

గోదాములో సిగ్నల్ గుమ్మం దగ్గర తప్ప ఎక్కడా అందదు. గుమ్మం బయట విత్తనాల కోసం రైతుల వరుస. రంజిత్ ఫోన్లోకి గొంతెత్తి అరిచాడు.

"జయశ్రీ, గింజ లేస్తలేదు!"

వరుసలో ముందున్న కోడేరు రైతు అబ్దుల్ రహమాన్ నోట్లోంచి బీడీ తీశాడు.

"మొత్తానికే లేస్తలేదా?" అంది ఫోన్లో జయశ్రీ.

"లేస్తది, గంతల్నే సస్తది. చెట్టుల నిండుగున్నట్టు రాసిండ్రు. ఉన్నది సగమే!"

రహమాన్ వెనక్కి తిరిగాడు. "ఇన్నవా? మొలిచినా సస్తదట. సంచిల ఉన్నది సగమేనట."

ఆ మాట వరుస చివరికి చేరేసరికి, లింగాల ఊళ్లో ఆ గింజ మేసిన ఎద్దు చచ్చిపోయింది. ఛాయ్ హోటల్ చేరేసరికి జత ఎడ్లు పోయాయి.

రంజిత్ చెట్టులో అంకె దిద్దాడు. కెర్నల్ మళ్లీ అక్కడే కూలింది. మళ్లీ దిద్దాడు. మళ్లీ కూలింది. చెమటలు కక్కుతూ గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు.

"నువ్వు దిద్దితే ఏం లాభం?" అంది జయశ్రీ. "గింజకు ఇచ్చే ముందట బూట్‌లోడర్ తన అంకె చెట్టుల రాస్తది. నీది చెరిపేస్తది. ముందు దాన్ని దిద్దు."

బూట్‌లోడర్‌కు వాళ్లు తెలుగు పేరు పెట్టుకోలేదు. రంజిత్ అప్పటికప్పుడు ఒకటి పెట్టాడు.

"అంటే గింజది తప్పు కాదు, చెట్టుది కాదు. మధ్యలోడే మారుస్తుండు!"

విత్తనాల ఊళ్లో మధ్యలోడంటే ఆర్గనైజరే. కంపెనీకీ రైతుకూ నడుమ ఉండేది అతనే. ఎవరూ ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది.

వరుస విరిగింది.

బూట్‌లోడర్‌లో అసలు అంకె వేసి, దాన్ని బోర్డు మీదికి రాయమని రంజిత్ మీట నొక్కిన క్షణంలోనే గోదాము నిండా మనుషులు. ఈ రాత మధ్యలో కరెంటు పోతే పెట్టె ఇక ఎందుకూ పనికిరాని ఇటుకరాయే. ఎవరో వైరు పట్టుకున్నారు.

"వైరు ముట్టకుండ్రి! నీ కాల్మొక్త, ముట్టకే!"

"ఏం తమ్మీ," జనాన్ని తోసుకుంటూ కురుమూర్తి వచ్చాడు, "నా కొంపల అగ్గి పెట్టినవేంది?"

"సేటూ, నేనన్నది ఈ పెట్టెల గింజ!"

"పెట్టెల గింజేంది? మేం ఎడ్డోళ్ల లెక్క కనిపిస్తున్నమా?" అన్నాడు రహమాన్. "ఏడాది బతుకు సారూ ఇది. పరాచికాలా?"

కురుమూర్తికి పౌరుషం పొడుచుకొచ్చింది. వచ్చిన ప్రతి సరుకులోంచీ పిడికెడు గింజలు తడి గోనెపట్టలో చుట్టి మొలకకు పెట్టడం గోదాము ఆనవాయితీ. "బాలమణీ, మొలకల చుట్ట తీస్కరా! అందరి ముందట విప్పుత. సూస్కోండ్రి నా సరుకు!"

పనిమనిషి బాలమణి తెచ్చింది. కురుమూర్తి విప్పాడు. బూజు వాసన గుప్పుమంది. ఒక్క గింజ కూడా నోరు తెరవలేదు.

వైరు పట్టుకున్న చెయ్యి దానంతటదే వదిలేసింది. కురుమూర్తి సంచి మీద కూలబడి, ఆ సరుకు పంపిన ఆర్గనైజర్‌కు ఫోన్ కలిపాడు. స్విచ్చాఫ్. రహమాన్ వచ్చి రంజిత్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పకపోతే మా చేన్లు బీడు పడుతుండె. అల్లా సల్లగ సూస్తడు."

కురుమూర్తి ఫోన్ పక్కన పెట్టి పెట్టె వైపు చూశాడు. "గీ పెట్టెలు నా మూడు గోదాములకూ పెట్టు తమ్మీ. గింజ సచ్చిందని నాకన్న ముందు పసిగట్టింది."

"సేటూ, అబద్ధమెందుకు? అదింకా లేవనే లేదు."

"లేవకముందే గింత చెప్పింది. లేస్తే ఇంకెంత చెప్తదో!"

ఎవరూ నవ్వలేదు. రంజిత్ వెనక తెరమీద రాత పూర్తయింది. పెట్టె మళ్లీ మొదలైంది. ఈసారి బూట్‌లోడర్ మెమొరీ ఎంతుందో అంతే చెప్పింది, కెర్నల్ నింపాదిగా లేచి నిలబడింది.

ఆ రోజు ఆ గోదాములో లేచిన గింజ అదొక్కటే.