మా బావ వెనక ఎర్రచుక్క

సైకిలుకి రెండు చక్రాలు తప్పనిసరి అని ఇంకా నమ్మేవాళ్ళతో నాకు పేచీ ఏమీ లేదు. ఉంటే మంచిదే. కానీ ఈ కాలంలో సైకిలుకి అసలు కావలసింది కంప్యూటర్. హ్యాండిల్ మీద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే ఆ పరికరం లేకుండా సైకిలెక్కేవాడు ఎక్కడికి పోతున్నాడో తెలియకుండా పోతున్నవాడే.

'వీధి చివరికే కదండీ వెళ్ళేది' అంటారా? సరే, ఆ వీధి చివరికి ఎన్ని మీటర్లు? దారిలో మీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది? ఎడమకాలు ఎక్కువ కష్టపడిందా, కుడికాలా? చెప్పలేరు కదా. మరి అంత దూరం వెళ్ళి ఏం బావుకున్నట్టు?

నా మాట నమ్మకపోతే మా అక్కాబావల సంగతి వినండి.

బావకి కళ్ళద్దాల షాపు ఉంది. పదింటికి తెరిస్తే మూసేసరికి రాత్రి తొమ్మిది. అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ ఇంట్లో ఉండే గంటల్లో ఈయన ఉండడు, ఈయన ఉండే గంటల్లో ఆవిడ ముందు జవాబు పత్రాల కట్ట ఉంటుంది. పెళ్ళై ఇరవై రెండేళ్ళు. ఈ మధ్య వాళ్ళ సంభాషణంతా 'తాళం ఎక్కడ పెట్టావు', 'గీజరు ఆపారా' దగ్గరికి వచ్చి ఆగింది. పోట్లాట ఏమీ లేదు. పోట్లాడుకోవాలన్నా కాస్త తీరిక ఉండాలి కదా.

అలాంటప్పుడు బావ బీపీ చూసిన డాక్టరు పొద్దున్నే ఓ గంట సైకిలు తొక్కమన్నాడు. అక్క 'నేనూ వస్తాను' అంది. మెట్ల కింద బూజు పట్టి ఉన్న పాత సైకిళ్ళు రెండింటినీ బయటికి లాగారు. అక్క సైకిలుకి ముందు బుట్ట కూడా ఉంది.

ఇంటి నుంచి ఊరి చివర నీళ్ళ ట్యాంకు దాకా ఆరు కిలోమీటర్లు. రోడ్డు తిన్నగా ఉంటుంది, ఆ వేళకి ఖాళీగానూ ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కనే తొక్కుకుంటూ వెళ్ళేవారు. ట్యాంకు మెట్ల మీద కాసేపు కూర్చుని వెనక్కి వచ్చేవారు. అలా తొక్కిన మొదటి మూడు వారాల్లో బావకి కొన్ని సంగతులు తెలిశాయి. అక్కకి లిఫ్టంటే భయం. అందుకే షాపింగ్‌కి వెళ్ళినప్పుడల్లా 'మీరు పదండి, నేను వస్తా' అని మెట్లెక్కి వచ్చేది. ఆవిడకి ఎప్పటికైనా ఒక స్కూలుని తన చేతులతో నడపాలని ఉంది. ఇరవై రెండేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేమంటే 'మీరు అడగలేదుగా' అంది. 'నువ్వైతే బ్రహ్మాండంగా నడుపుతావు' అన్నాడు బావ. ఆ ఒక్క మాటకే అక్క మొహం వెలిగిపోయిందట. బావే చెప్పాడు నాకు.

చూడటానికి బాగానే ఉంది కదూ? కానీ లోపం గమనించారా? ఈ మూడు వారాల్లో ఒక్క కిలోమీటరు కూడా ఎక్కడా నమోదు కాలేదు. నమోదు కానిది జరగనట్టే లెక్క.

ఈ లోపాన్ని బావకి చూపించింది పక్క వీధి పళ్ళ డాక్టరు. ఆయన నల్లటి బిగుతు బట్టల్లో, బాణంలా వీళ్ళని దాటిపోతూ 'సగటు వేగం ఎంత వస్తోందండీ?' అని ఒక్క ప్రశ్న వేసి మాయమైపోయాడు. బావ ఇంటికొచ్చి మామూలుగా తినే నాలుగు ఇడ్లీల్లో రెండు వదిలేశాడు.

అక్కడి నుంచి కంప్యూటర్ ఎంపిక మొదలైంది. పదహారు రోజులు పట్టింది. పెళ్ళిచూపుల్లో మా అక్కని చూసి ఒప్పుకోవడానికి ఆయనకి పావుగంట పట్టిందని ఇక్కడ గుర్తుచేయడం నా ఉద్దేశం కాదు. అప్పట్లో రివ్యూ వీడియోలు లేవు, పాపం ఏం చేస్తాడు?

తెర రంగులదా, నలుపు తెలుపుదా? బ్యాటరీ పదిహేను గంటలదా, ఇరవై ఆరు గంటలదా? రోజుకి గంట తొక్కే మనిషికి ఇరవై ఆరు గంటల బ్యాటరీ ఎందుకంటారా? ఒకవేళ దారి తప్పి మర్నాటి దాకా తొక్కాల్సి వస్తే? తిన్నని రోడ్డేనండీ, కానీ ముందుచూపు అన్నది ఒకటి ఉంటుంది.

షాపులో పని కూడా ఆగలేదు. ఒక పెద్దావిడ కళ్ళు పరీక్షిస్తూ, 'ఇది బాగుందా, ఇది బాగుందా' అని అడుగుతూ, మధ్యలో లెన్సుకి బదులు ఫోన్లో రెండు కంప్యూటర్ల బొమ్మలు చూపించాడట. 'రెండూ ఒకలాగే ఉన్నాయి నాయనా' అందావిడ. వెంటనే శుక్లాల పరీక్షకి చీటీ రాసిచ్చాడు.

కంప్యూటర్ వచ్చింది. ఒంటరిగా రాలేదు. గుండెకో పట్టీ, పెడలుకో సెన్సరు, దిండు కుట్టిన నిక్కరు, వేళ్ళు లేని చేతి తొడుగులు, పద్దెనిమిది బొక్కల హెల్మెట్, పెడలుకి అతుక్కుపోయే బూట్లు, చెవుల్లో సలహాలు చెప్పే కోచ్. ఆ బూట్లతో సిగ్నల్ దగ్గర కాలు ఊడక సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయి, ఆటోవాళ్ళు లేవదీస్తే, ఆ పడటం కూడా కంప్యూటర్‌లో నమోదైంది. మామూలుగా పడితే ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి.

ఇక రాడార్ లైటు. ఇది సీటు కింద ఉంటుంది. వెనక నుంచి ఏదైనా వేగంగా వస్తుంటే ముందున్న తెర పక్కన ఒక ఎర్రచుక్క వెలుగుతుంది. అది దగ్గరైనకొద్దీ చుక్క పైకి పాకుతుంది, పరికరం కూతపెడుతుంది. మనకన్నా నెమ్మదిగా వచ్చేవాళ్ళు మాత్రం దానికి కనిపించరు. అనవసరం కదా.

ఈ రాడార్‌ని బావ పుట్టినరోజుకి నేనే కొనిచ్చాను. ఏ లారీయో గుద్దితే మా అక్క గతేం కావాలని.

అప్పటి నుంచి బావ సగటు గంటకి పదకొండు కిలోమీటర్ల నుంచి ఇరవై నాలుగుకి పెరిగింది. అక్క సగటు పదకొండు దగ్గరే ఉండిపోయింది. ఆవిడ లెక్కల టీచరే కానీ, తన బుట్ట సైకిలుకి ఈ లెక్క అంటలేదు. వీధి మలుపు దాటేసరికి బావ చుక్కంత అయిపోయేవాడు. ట్యాంకు దగ్గర వెనక్కి తిరిగి ఎదురొచ్చినప్పుడు చెయ్యి కూడా ఊపేవాడు కాదు. చెయ్యి వదిలితే సగటు పడిపోతుంది. తల తిప్పి చూడటం కూడా మానేశాడు. తల తిప్పితే గాలి అడ్డుతగిలి అర సెకను పోతుందని వీడియోలో చెప్పారు.

ఇంతలో అక్కకి ఒక ఉత్తరం వచ్చింది. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో ఒక స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మని. క్వార్టర్ ఇస్తారు. వారంలో ఐదు రోజులు అక్కడే ఉండాలి. ఒప్పుకుంటున్నదీ లేనిదీ శనివారం మధ్యాహ్నంలోగా చెప్పాలి.

సోమవారం టిఫిన్ దగ్గర 'మీతో ఓ మాట' అంది.

'ఒక్క నిమిషం, అప్‌లోడ్ అవుతోంది' అన్నాడు బావ.

మంగళవారం భోజనాల దగ్గర కదిపింది. ఆయన గుండె గ్రాఫులో ఏడో నిమిషం దగ్గర ఒక గుంట కనిపించి, అదెందుకు వచ్చిందో తేలేదాకా తల ఎత్తలేదు. బుధవారం పరికరానికి అప్‌డేట్ పెట్టాడు. 'ఇది అయ్యేదాకా ఏమీ కదపకు, మధ్యలో ఆగితే పాడైపోతుంది' అన్నాడు. గురువారం ఆవిడకి ఇంట్లో లాభం లేదనీ, ఈ మనిషి మనసు విప్పి మాట్లాడింది రోడ్డు మీదేననీ గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున. మొదటి రెండు కిలోమీటర్లు నిదానంగా తొక్కి గుండెని వేడి చేసుకోవాలని పరికరం నియమం. బావ నియమం తప్పని మనిషి. నిదానంగా పోతున్నాడు. తెర పక్కన ఎర్రచుక్క వెలిగింది.

లారీ చప్పుడు లేదు. కారు చప్పుడూ లేదు. అంటే వచ్చేది సైకిలు. ఈ రోడ్డు మీద తనని వెనక నుంచి అందుకోగల సైకిలు ఒక్కటే. పళ్ళ డాక్టరు!

చుక్క పైకి పాకింది. పరికరం కూతపెట్టింది. బావకి రోషం పొడుచుకొచ్చింది. వార్మప్ గాలికి వదిలేసి, హ్యాండిల్ మీదికి వంగి తొక్కాడు. చుక్క కిందికి జారింది. మళ్ళీ పైకి వచ్చింది. వెనక నుంచి ఏదో పిలుపు వినిపించినట్టే ఉంది కానీ, చెవుల్లో కోచ్ 'శభాష్, తగ్గొద్దు' అంటున్నాడు. ఆయన మాట వినాలా, ఎవరో దారినపోయేవాళ్ళ మాట వినాలా? తల తిప్పితే అర సెకను. తిప్పలేదు.

నాలుగో కిలోమీటరు దగ్గర చుక్క ఆరిపోయింది.

బావ గాల్లో తేలిపోయాడు. ఆ ఊపులో ట్యాంకు దాటి, బైపాస్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చాడు. సగటు ఇరవై ఏడున్నర. 'ఇప్పటిదాకా మీ అత్యుత్తమ రైడ్' అని పరికరం తెర మీద బాణాసంచా పేల్చింది. ఆ బొమ్మ నాకు కూడా పంపాడు. నేను చప్పట్ల బొమ్మ పంపాను.

అక్క నలభై నిమిషాల తరవాత వచ్చింది. జుట్టంతా చెదిరి, మొహం కందిపోయి ఉంది. చెంబుడు నీళ్ళు ఎత్తిపట్టి తాగింది.

'ఎక్కడికి పోయావు? స్కూలుకి ఆలస్యం కాలేదూ?' అన్నాడు బావ.

'అయింది' అంది అక్క.

ఆ సాయంత్రమే ఉత్తరానికి జవాబిచ్చేసింది. ఆదివారం అటక మీద నుంచి సూట్‌కేసు దింపుతుంటే బావకి విషయం తెలిసింది.

'నాకొక్క మాట చెప్పలేదేం?'

'శుక్రవారం చెబుదామని మీ వెనకే వచ్చాను. మీరు అందలేదు.'

బావ షాపుకి సెలవైనా షాపుకే వెళ్ళి, షట్టరు సగం దించుకుని, ఫోన్లో శుక్రవారం గ్రాఫు తీశాడు. రెండో కిలోమీటరు దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది. తను తన భార్య నుంచి ఎంత వేగంగా పారిపోయాడో సెకనుతో సహా ఉంది. మామూలు సైకిలు మీద ఇంత కచ్చితంగా తెలిసేదా?

రెండు వారాల తరవాత అక్క సెలవుకి ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున ఇద్దరూ బయల్దేరారు. ఈసారి ఆవిడ ముందు, ఆయన వెనక. ట్యాంకు దగ్గర ఆవిడ దిగి మెట్ల మీద కూర్చుంది. బావ బూట్లు ఊడదీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఎవరూ తొక్కడం లేదని పరికరం సైకిలు మీద నుంచి రెండుసార్లు కూసింది.

'ఆ శుక్రవారం నలభై నిమిషాలు ఎక్కడున్నావు?' అన్నాడు.

'ఇక్కడే. వెనక్కి ఇటే వస్తారుగా అని కూర్చున్నాను.'

'ఆ రోజు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్పు' అన్నాడు.

'చెప్పాలని కాదండీ, అడగాలనుకున్నాను. వెళ్ళొద్దంటారా అని.'

'వద్దనేవాణ్ణి కాదు. నువ్వు అంత కోరుకున్నదేగా' అన్నాడు బావ. 'కానీ నువ్వు లేకపోతే నాకు తోచదని చెప్పేవాణ్ణి.'

'అదే వినాలనుకున్నాను. వినేసే వెళ్ళేదాన్ని' అంది అక్క.

సాయంత్రం బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది. స్కూలు బాగా నడుపుతోందని వింటున్నాను. బావ ఇప్పటికీ రోజూ తొక్కుతున్నాడు. తెర మీద ఎర్రచుక్క వెలిగితే చాలు, వేగం తగ్గించి, కాలు కింద పెట్టి నిలబడుతున్నాడు. పాలవ్యాను దాటిపోతుంది. ఓ రోజు పళ్ళ డాక్టరు దాటిపోయాడు. సగటు తొమ్మిదికి పడిపోయింది. 'మీ పనితీరు తగ్గుతోంది, విశ్రాంతి తీసుకోండి' అని పరికరం పాపం ఎంతో ఆప్యాయంగా హెచ్చరిస్తోంది. ఇంట్లో అలా చెప్పే మనిషి వారంలో ఐదు రోజులు లేనప్పుడు, అదైనా చెబుతోంది కదా!

కాబట్టి మొహమాటపడకుండా కొనుక్కోండి. రంగుల తెరదే కొనండి, ఇరవై ఆరు గంటల బ్యాటరీదే కొనండి. రాడార్ కూడా పెట్టించుకోండి. కొనేముందు మాత్రం వెనక వచ్చేది లారీయో, ఇంటి మనిషో ఆ మోడల్ విడమరిచి చెబుతుందా అని షాపువాణ్ణి ఒక్కసారి అడగండి. నేను నాలుగు షాపుల్లో వాకబు చేశాను. అలాంటిది ఇంకా రాలేదట. ప్రస్తుతానికి మెడ తిప్పి చూసుకోవాలట. అర సెకను పడుతుందట.