చెట్లు దాటాక నిప్పు పెట్టరాదు

ఆ ఉదయం వాళ్లకున్న పని చిన్నదే. కాఫీ తాగడం, వెండెల్ చితిబూడిదను సరస్సు దగ్గర వదలడం, మధ్యాహ్నం పిడుగులు మొదలయ్యేలోపు చెట్లున్న చోటికి దిగిపోవడం.

వెండెల్ ఆ కొండల్లో అడవిని కాచే రేంజరుగా బతికాడు. చెట్లు మొలవడం ఆగిపోయిన ఎత్తుకు పైన నిప్పు నిషేధం; అక్కడ ఎవరు పుల్ల వెలిగించినా వాసన పట్టి వచ్చేవాడు. చలికి వణికేవాళ్ల మీద జాలిపడేవాడు, పడుతూనే జరిమానా రాసేవాడు. పోయేముందు భార్య ఒలీవ్ చేయి పట్టుకుని, "నన్ను ఆ సరస్సు దగ్గరే ఉంచెయ్యి" అని మాట తీసుకున్నాడు. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. అయినా పిల్లలిద్దరి భుజాలు పట్టుకుని ఎక్కింది. ఇంకోసారి ఎక్కలేనని ఆమెకు తెలుసు.

వాసనొచ్చే ప్రతిదాన్నీ రాత్రిపూట ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టాలని అక్కడి నియమం. ముందురోజు రాత్రి సరస్సు దగ్గర బస చేసినప్పుడు, బూడిదకు వాసన ఉంటుందా ఉండదా అని కొడుకు కర్ట్, కూతురు టెస్ చాలాసేపు వాదించుకున్నారు. "నాన్నే ఉంటే డబ్బాలో పెట్టించేవాడురా" అని టెస్ తేల్చేసింది. దాంతో వెండెల్ ఆ రాత్రి ఓట్స్‌కీ జున్నుముక్కకీ మధ్య పడుకున్నాడు.

తెల్లారాక సరస్సు ఒడ్డున కర్ట్ సంచి విప్పబోయాడు.

"ఇక్కడ కాదురా! ఏం వదలాలన్నా నీళ్లకి రెండొందల అడుగుల దూరం పోవాలి. ఆయన జన్మంతా మొత్తుకున్నది అదేగా" అంది టెస్.

"తండ్రిని సాగనంపడానికి కూడా కొలతలేనా అక్కా?"

ముగ్గురూ ఆయాసపడుతూ వాలు ఎక్కి ఒక పెద్ద బండ దగ్గర ఆగారు. కర్ట్ సంచి విప్పాడు. అంతవరకూ బుద్ధిగా ఉన్న గాలి అప్పుడే తిరగబడింది. కొంత బూడిద ఒలీవ్ ఉన్నిటోపీ మీద పడింది, మిగిలినదంతా బండ వెనక్కి పోయింది. అక్కడ మసిబారిన రాళ్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. నడుమ సగం కాలిన కట్టెలు. ఎవరో దొంగచాటుగా పెట్టిన నిప్పు తాలూకు బూడిదలో వెండెల్ వెళ్లి కలిసిపోయాడు.

"ఇది చూస్తే నాన్న మళ్లీ చచ్చిపోతాడే" అన్నాడు కర్ట్. అక్కాతమ్ముళ్లు మోకాళ్ల మీద కూలబడి, గరిటెతో ఒకరు, కాఫీకప్పుతో ఒకరు తండ్రిని వేరుచేయడం మొదలుపెట్టారు. ఒలీవ్ మాత్రం ఆ రాళ్లనే చూస్తూ నిలబడింది.

రేంజరు బ్రిడ్జెట్ వచ్చేసరికి కనబడింది ఇదీ: నిప్పుగుండం, మోచేతుల దాకా బూడిద, పక్కన కాఫీకప్పు.

"ఆరిందా?" అంది ఆమె.

"నిప్పు కాదండీ, మా నాన్న" అంది టెస్.

"ఎన్నో సాకులు విన్నాను గానీ, ఇది కొత్తగా ఉందండీ." వంగి బూడిదలో చెయ్యి పెట్టి చూసింది. "చల్లగానే ఉంది."

"పోయి నెలైంది. చల్లగానే ఉంటాడు" అన్నాడు కర్ట్.

టెస్‌కు ఒళ్లు మండిపోయింది. "వెండెల్ పిల్లలం మేము! మేమిక్కడ నిప్పు పెడతామా?"

బ్రిడ్జెట్ టోపీ తీసింది. "ఆయన దగ్గరే పని నేర్చుకున్నానండీ. ఏటా మంచు పడేముందు ఎవడో ఇక్కడ నిప్పు పెట్టి పోయేవాడు. ఆయన ఎంత వెతికినా వాడు దొరకలేదు."

"ఎలా దొరుకుతాడమ్మా?" అంది ఒలీవ్. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో పిల్లలకు అర్థం కాలేదు. "ఏటా మా పెళ్లిరోజుకి ఇక్కడికే వచ్చేవాళ్లం. నాకు చలెక్కువ. ఇక్కడి పుల్ల తెంపకూడదని ఆయనే కట్టెలు కిందనుంచి మోసుకొచ్చి నిప్పు వేసేవారు. 'ఇదే ఆఖరుసారి ఒలీవ్' అనేవారు, ఏటా."

"నాకు జరిమానా రాశాడే! సొంత కొడుక్కి!" కర్ట్ గొంతు కీచుమంది.

"నీకు చలి లేదు కదరా అప్పుడు" అంది ఒలీవ్.

దూరంగా ఉరిమింది. బ్రిడ్జెట్ కళ్లు తుడుచుకుంది. కానీ ఆమె వెండెల్ దగ్గర పని నేర్చుకున్న మనిషి. "ఈ రాళ్లు చెదరగొట్టాలండీ. బూడిదంతా కిందికి దించాలి. అందులో ఏది ఆయనో ఏది కట్టెదో..."

"మాటిచ్చానమ్మా ఆయనకి. మళ్లీ రాలేను నేను."

"మీరే చెప్పండి. ఆయనైతే వదిలేవారా?"

ఆ క్షణంలో మొగుడి మీద ఒలీవ్‌కు వచ్చినంత కోపం నలభయ్యేళ్ల కాపురంలో రాలేదు. "వదిలేవారు కాదు" అంది.

గుండం ఊడ్చి, వెండెల్‌నూ ఆయన చేసిన నేరాన్నీ ఒకే సంచిలో కట్టి మళ్లీ డబ్బాలో పెట్టారు. దిగేటప్పుడు ఒలీవ్ సరస్సు ఒడ్డున ఆగి, తలమీది ఉన్నిటోపీ తీసి, మెల్లగా దులిపింది. టెస్ నోరు తెరవబోతే కర్ట్ ఆమె చెయ్యి నొక్కాడు. బ్రిడ్జెట్‌కు హఠాత్తుగా మబ్బుల మీద ఆసక్తి పుట్టి అటు తిరిగి నిలబడింది.

నీళ్లకు అడుగు దూరం కూడా లేదు.