పులిదొర మెత్తబడిన వైనం

ఒక పెద్ద అడవిలో, చెట్లకంటే సంఘాలు ఎక్కువైపోయిన రోజుల్లో, సింగన్న అనే దుమ్ములగొండి ఉండేవాడు. వాడికి వేట రాదు. పులిదొర తిని వదిలేసిన బొమికలు కొరుక్కుని బతికేవాడు. దొర కడుపు నిండితేనే వీడి దవడలకు పని.

ఆ వేసవిలో ఆ పని కాస్తా తగ్గిపోయింది. దొరకు వయసు మీద పడింది. ఎదురుగా దుప్పి పరిగెడుతున్నా, "పోనీలే, రేపు చూద్దాం" అని ఒళ్ళు విరుచుకోవడం మొదలుపెట్టాడు. దొర రేపు చూద్దామన్న ప్రతిసారీ సింగన్న పక్కటెముకలు ఇంకాస్త బయటపడ్డాయి.

అడవిలో ఇంకిపోకుండా మిగిలింది ఒక్క మడుగే. దానికి కాపలాదారును నియమించేది ఏనుగుల పంచాయతీ. కాపలా ఎవరిదైతే, దాహంతో వచ్చే ప్రతి జంతువూ వాడి మూతి ముందునుంచే పోవాలి. ఈ సంగతి తట్టగానే సింగన్న లేచి దొర దగ్గరికి పరిగెత్తాడు.

"దొరా, ఆ కాపలా అడుగు. పరుగెత్తే బాధే ఉండదు. భోజనం కాళ్ళ మీద నడిచొస్తుంది."

"నాకెవడిస్తాడ్రా?"

"ఓదార్పు గుంపులో చేరు. వాళ్ళే ఇస్తారు."

ఓదార్పు గుంపులంటే అప్పుడు అడవిలో కొత్త మోజు. నలుగురైదుగురు ఒక చెట్టు కింద గుండ్రంగా కూర్చుని కష్టాలు చెప్పుకునేవారు. ఒకరు చెబుతుంటే మరొకరు లేవకూడదు. కాదనకూడదు. చివర్న అందరూ కలిసి "నీ బాధ నిజమే" అనాలి. అలా అంటే మనసు ఎదుగుతుందని పంచాయతీవారి నమ్మకం. గుంపంతా కలిసి "ఫలానావాడు మెత్తబడ్డాడు" అని చెబితే చాలు, ఎలాంటివాడికైనా పదవి ఇచ్చేసేవారు.

"అయితే నేను ఏడవాలా?" దొర మీసాలు నిక్కాయి.

"రెండు చుక్కలు చాలు దొరా. ఆ తర్వాత ఏడిచేది వాళ్ళే."

మర్నాడు దొర ఇప్పచెట్టు కింది గుంపుకు వెళ్ళాడు. ఆ గుంపుకు పెద్ద ముళ్ళపంది ముత్యాలమ్మ. ఎవరూ కౌగిలించుకోలేరు గనక ఆమెకు పెద్దరికం ఇచ్చారు. దొరను చూడగానే చెంగమ్మ అనే దుప్పి లేచి పరుగు తీయబోయింది.

"కూర్చోవే చెంగమ్మా! గౌరన్న మాట సగంలో ఉంది. లేవకూడదని తెలీదూ?" అని ముత్యాలమ్మ ముళ్ళు గలగలలాడించింది.

పాపం, చెంగమ్మ కూర్చుంది. దొరా కూర్చున్నాడు.

గౌరన్న అడవిదున్న. కుర్రతనంలో వేరే దున్న వచ్చి తన మందను లాక్కుపోయిందని వాడి కష్టం. చెబితే నాలుగు మాటలు. కానీ నెమరువేసే జాతి కదా, కష్టాన్ని కూడా ఒక్కసారి మింగి ఊరుకోడు. మింగినదాన్ని పైకి తెచ్చి, తీరిగ్గా నమిలి, మళ్ళీ మింగాడు. కాసేపాగి మళ్ళీ పైకి తెచ్చాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఎంత ఆపుకుందామన్నా ఆగక దొరకు పేద్ద ఆవలింత వచ్చింది. ఆవలింతతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"అమ్మో, దొర ఏడుస్తున్నాడు!" అంది చెంగమ్మ.

"ఆపుకోకు దొరా, రానియ్" అంటూ గౌరన్న వచ్చి భుజానికి భుజం రాశాడు. తన కష్టానికి ఇంకొకడు కన్నీళ్ళు పెట్టుకోవడం వాడి జన్మలో అదే మొదలు. చెంగమ్మయితే ఉప్పు దొరక్క అల్లాడుతున్న ప్రాణి. కన్నీళ్ళు చూసి ఉండబట్టలేక దొర చెంప నాకేసింది.

పెద్దయ్యాక దొరను చూసి పారిపోయినవాళ్ళే గాని ప్రేమగా దగ్గరికొచ్చినవాళ్ళు లేరు. ఆయనకు ఏదోలా అయిపోయింది. "మా అమ్మ పోయాక నన్ను నాకింది నువ్వేనమ్మా" అని బావురుమన్నాడు.

పొద చాటున సింగన్న మురిసిపోయాడు. "అబ్బ, ఏం నటన! ఏం నటన!"

దొర మెత్తబడ్డాడని గుంపు చెప్పింది. పంచాయతీ కాపలా ఇచ్చింది. మొదటిరోజే బాగా కొవ్విన అడవిపంది ఒకటి నీళ్ళకొచ్చింది. బండ వెనక సింగన్నకు చొంగ కారింది. దొర మెల్లగా లేచి పందికి అడ్డంగా నిలబడ్డాడు.

"కూర్చో తమ్ముడూ. నీ మనసులో ఏదో ఉంది."

"ఏమీ లేదు దొరా, దాహం వేస్తోంది."

"అదే. లోపల దాచుకున్నవాళ్ళంతా అలాగే అంటారు. చెప్పాకే తాగుదువుగాని."

అప్పటినుంచీ మడుగు దగ్గర అదే తంతు. కష్టం చెప్పందే నీటిచుక్క లేదు. చెప్పినవాళ్ళ కష్టానికి దొర తన కష్టం కలిపేవాడు. బారు చివర పిల్లజంతువులు నాలుకలు వేలాడేసి నిలబడేవి. గౌరన్న వంతు వస్తే అందరూ నేలమీద చతికిలబడేవారు. వేట మానేసిన దొర ఎండ్రకాయలతో సరిపెట్టుకుని, ఆ ఆకలి గురించి కూడా గుంపులోనే చెప్పుకునేవాడు.

సింగన్నకు నిలబడే ఓపిక పోయింది. తూలుకుంటూ వచ్చి అందరి ముందూ అరిచాడు.

"దొరా, నిన్నిక్కడ కూర్చోబెట్టింది వీళ్ళను ఓదార్చడానికి కాదు, తినడానికి! ఆ ఎత్తు నాదే! ఒక్క బొమికైనా పడెయ్యవయ్యా, చచ్చిపోతున్నా!"

దొర సింగన్నను గుండెకు హత్తుకున్నాడు. "ఎంత నిజం దాచుకున్నావురా ఇన్నాళ్ళూ! చెప్పండమ్మా అందరూ."

"నీ బాధ నిజమే" అన్నాయి జంతువులన్నీ పళ్ళు కొరుకుతూ.

చివరికి గౌరన్న గొంతు సవరించుకున్నాడు. "దొరా, నాదీ ఒక బాధ. మునుపటిలా నువ్వు మాలో ఒకణ్ణి తినేసి పడుకుంటే, మిగతావాళ్ళం గుటుక్కున నీళ్ళు తాగి పోతాం కదా."

"నీ బాధ నిజమే!" అడవి అడవంతా మనస్ఫూర్తిగా అరిచింది. పక్కనే ఉన్న పంది మాత్రం కాస్త మెల్లగా అంది.

దొర మొహం చిన్నబోయింది. "అంటే నన్ను మళ్ళీ ఒంటరివాణ్ణి చేసేస్తారా? దీని గురించి మనం మాట్లాడుకోవాలి. అందరూ కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. నీళ్ళు వెనకే తళతళలాడుతున్నాయి. సింగన్న కూడా కూర్చుని, తొడ ఎముకలు పిండి చేసే దవడలతో దొర వదిలేసిన ఎండ్రకాయ డొప్పను కటుక్కుమనిపించాడు.

నీతి: తినడానికొచ్చే పులినుంచి పరిగెత్తి బయటపడొచ్చు గాని, మనసు విప్పడానికొచ్చే పులి ముందు కూర్చోక తప్పదు.