దాం అంటే దాహం

ఆ ఉదయం ప్రూఫులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి అమ్మాయిని కొత్త ఉద్యోగానికి బైండింగు షాపులో దిగబెట్టాలి. ఆమె చూడకుండా ఓనరమ్మ చేతిలో ఒక కాగితం పెట్టాలి. పదింటికల్లా ప్రెస్సులో కూర్చుని ఎర్ర పెన్సిలుతో లోకుల అచ్చుతప్పులు దిద్దాలి. ఇందులో కొంప మునిగేదేముందని ఎవరైనా అనుకుంటారు.

అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. పుట్టినప్పటి నుంచీ నరాల ఇబ్బంది. నడక కాస్త తూలుతుంది, మాట ముద్దముద్దగా వస్తుంది. తల్లి పోయాక ఆ మాట తనకొక్కడికే అర్థమవుతుందని నాన్న నమ్మకం. "నేను లేకపోతే దీని మాట ఎవరికి తెలుస్తుందండీ?" అని కనిపించినవాళ్ళందరితో బాధగా అనేవాడు. ఆ బాధలో పిసరంత గర్వం కూడా ఉండేది, పాపం.

అందుకే ఆ కాగితం. చక్కగా అచ్చు వేయించాడు కూడా. 'దాం' అంటే దాహం, నీళ్ళివ్వాలి. 'చూ' అంటే చుచ్చు, తోడు వెళ్ళాలి. 'గుం' అంటే గుండెదడ, పడుకోబెట్టాలి. 'ఒ' అంటే ఒళ్ళునొప్పులు, మందు రాయాలి.

"అమ్మాయికి చెప్పకండి, చిన్నబుచ్చుకుంటుంది" అని ఓనరమ్మ చెవిలో ఊది చక్కాపోయాడు.

అమ్మాయి పుస్తకం కుట్టడానికి కూర్చుని, "దాం" అంటూ బీరువా వైపు చూపించింది. బీరువా పక్కనే నీళ్ళ బిందె. ఓనరమ్మ కాగితం చూసుకుని గ్లాసుడు నీళ్ళిచ్చింది. కొత్తచోటు కదా, మర్యాద కాబోలనుకుని అమ్మాయి తాగేసింది. మళ్ళీ "దాం" అంది. మళ్ళీ గ్లాసు. పోనీ ముందు సూదైనా ఇస్తారేమోనని "చూ" అంది. ఓనరమ్మ చెయ్యి పట్టుకుని బాత్రూము దాకా నడిపించింది. తాగిన నీళ్ళకు అదీ ఒకందుకు మంచిదే అయింది. పదకొండయ్యేసరికి ఆరు గ్లాసులు, నాలుగు ప్రయాణాలు. పుస్తకానికి ఒక్క కుట్టు పడలేదు.

ఓనరమ్మ హడలిపోయి ఫోన్ చేసింది. "సార్, మీ అమ్మాయి ఒకటే నీళ్ళడుగుతోంది, ఒకటే బాత్రూమంటోంది. ఇంట్లోనూ ఇంతేనా?"

ప్రూఫులాయన ఎర్ర పెన్సిలు జేబులో పడేసుకుని లేచాడు. "అయ్యో, షుగరండీ! మా అమ్మకీ ఇలాగే మొదలైంది! కదలనివ్వకండి, వస్తున్నా!"

ఈలోపు అమ్మాయి దారం, సూది రెండూ మానుకుని, కనీసం అట్టలు అంటిద్దామని "గుం" అంది. ఇంకేముంది! కాగితాల కట్టల మీద పడుకోబెట్టి షాపులో పనిచేసే ఇద్దరు విసరడం మొదలెట్టారు. లేవబోతే భుజాలు అదిమిపట్టారు. కోపమొస్తే ఆమెకు వచ్చే మాట కూడా రాదు. "గుం! గుం!" అని అరిచింది. దడ ఎక్కువైందని కిటికీలు తెరిచారు.

ప్రూఫులాయన వీధి చివరి డాక్టరును చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. డాక్టరు నాడి చూసి, రక్తపు చుక్క తీసి చూసి, "ఈమె నిక్షేపంలా ఉంది. ఆయాసం మీకే, కూర్చోండి" అన్నాడు.

"మరి దాం, దాం అందిట కదండీ?"

"మొదట దారమనే అనుకున్నాను సార్" ఓనరమ్మ నసిగింది. "సూది అన్నట్టే వినిపించింది కూడా. కానీ కన్నతండ్రి మీరు. పైగా అచ్చులో ఉంది."

అమ్మాయి లేచి ఆమె చేతిలోని కాగితం లాక్కుని చదివింది. నాన్న జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, వంకర అక్షరాలతో దిద్దసాగింది. దాహం కొట్టేసి దారం. చుచ్చు కొట్టేసి సూది. గుండెదడ కొట్టేసి గమ్ము. చివరి వరుసలో ఒళ్ళునొప్పులు కొట్టేసి, 'ఒక్కదాన్నే' అని రాసింది.

ప్రూఫులాయన ఆ మాటను రెండుసార్లు చదివాడు. రెండేళ్ళుగా ఆమె చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి "ఒ... ఒ..." అనేది. అయ్యో తల్లీ అని కూర్చోబెట్టి, ఆ చెప్పులు విప్పి, కాళ్ళకు మందు రాసేవాడు. ఆమె వీధిలోకి చూస్తూ రాయించుకునేది. కాగితంలోవన్నీ ఆమె ఆరేళ్ళప్పటి మాటలు. తర్వాత ఆమె పెరిగింది, ఆమె మాటలూ పెరిగాయి. ఆయనే, సగంలోనే అర్థమైపోయిందనుకుని, ఏ మాటా చివరిదాకా వినలేదు. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"ఎందుకు చెప్పలేదే అమ్మలూ?" అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, "సాయంత్రం వచ్చి తీసుకె..." అన్నాడు.

"ఒ" అంది అమ్మాయి.

ఈసారి ఆయన నోరు మూసుకుని నిలబడ్డాడు.

"ఒ... క్క... దాన్నే... వస్తా."

"సరే తల్లీ" అన్నాడు. అనడానికి ఆమెకంటే ఆయనకే ఎక్కువసేపు పట్టింది.

ఆ పరుగులకు ఇల్లు చేరేసరికి ఆయన ఒళ్ళు హూనమైంది. తీరా చూస్తే మందు సీసాలో చుక్క లేదు, రెండేళ్ళుగా ఏ నొప్పీ లేని కాళ్ళకు రాసి తనే ఖాళీ చేశాడు.