చీపురును గెలిచిన చర్చ

టీవీ చర్చలను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వానల తర్వాత ఈ దేశానికి అంత మేలు చేసినవి ఇంకేమున్నాయి? అందులోనూ ముస్లింలలో సంస్కరణ మీద జరిగే చర్చలున్నాయే, వాటికి పూలదండ వేసి దండం పెట్టాలి!

నమ్మకం లేదా? ఆళ్లగడ్డలో ఎంత ప్రమాదం తప్పిందో వినండి.

అక్కడ రమీజా అని ఒక బడిపంతులమ్మ. ఆమె అత్త ఇమాంబీకి మోకాళ్ల నొప్పులు. శుక్రవారం శుక్రవారం పల్లె నుంచి బస్సెక్కి ఆస్పత్రికొచ్చే ముసలామె, నమాజు వేళకు కోడలి ఇంటిదాకా నడవలేక, దగ్గర్లో చోటు లేక బస్టాండు వెనక ఆటోల సందున చాప పరుచుకుంటుంది. ఒకసారి ఆమె సజ్దాలో, నుదురు నేలకు ఆనించి ఉండగా ఆటోవాడు హారన్ కొట్టాడట, జరగమని.

రమీజా బస్టాండు దగ్గరి మసీదు కమిటీ పెద్ద మౌలాలి దగ్గరికి పోయింది. చిరిగిన చాపలు, పగిలిన మైకు బూరలు పడేసిన పక్కగది ఉంది కదా, దాన్ని శుక్రవారం పూట ఆడవాళ్లకు తెరవమంది. ప్రవక్త కాలంలో ఆడవాళ్లు మసీదుకు వచ్చేవాళ్లని, తాను కొత్తగా అడిగేదేమీ లేదని చెప్పింది. మౌలాలి గడ్డం గోక్కున్నాడు. నసిగాడు. చివరికి, వచ్చే శుక్రవారం రెండు చీపుర్లు తెమ్మన్నాడు.

చూశారా ఎంత ఘోరమో! పేపర్లో పడకుండా, ఒక్క ఊరేగింపు లేకుండా, రెండు చీపుర్లతో ఒక సంస్కరణ జరిగిపోయేది. దేశం పరువేం కాను?

సమయానికి నంద్యాల లోకల్ టీవీ చానెల్ సందీప్ అడ్డుపడ్డాడు. ‘ఆళ్లగడ్డలో అగ్గి! మసీదుపై మహిళ తిరుగుబాటు!’ అని చర్చ పెట్టాడు. స్టూడియోలో నలుగురు మగవాళ్లు. ఇస్లాం మారి తీరాలని ఇద్దరు, మారితే ప్రళయమేనని ఇద్దరు. ఆ గది ఎటువైపుందో నలుగురికీ తెలియదు. వాళ్ల అరుపులకు కోయిలకుంట్ల దారిలో ఉన్న మా చేలో పప్పుశనగ కాయలు వాటంతటవే పగిలి రాలాయి. ఆ ఏడు మేం నూర్పిడే పెట్టుకోలేదు! కింద పరుగెత్తే అక్షరాలు టీవీ దాటి మా గోడ పట్టాయి. మా ఆవిడ వాటి మీద చీర కూడా ఆరేసింది.

రమీజానూ ఫోన్లో కలిపారు. ‘‘అది కాదన్నా, ఆ గదికి ఎనక తలుపుంది...’’ అని మొదలుపెట్టిందో లేదో, సందీప్ ఆమె ధైర్యానికి సెల్యూట్ కొట్టి బ్రేక్ తీసుకున్నాడు. పురుగుమందు ప్రకటన వచ్చింది. ఆమె ఫోను చెవికి ఆనించుకునే ఉంది. పొయ్యి మీద పప్పు మాడింది, ఆమె వంతు రాలేదు.

మరునాటి నుంచి రమీజాకు గౌరవం భరించరానిదైంది. బళ్లో తోటి పంతులు చేయి కలిపి, ‘‘మీవాళ్లల్లో మీరొక్కరే మంచోళ్లు మేడమ్’’ అన్నాడు. ఆ మాటలో తన అత్తనూ మొగుణ్నీ వీధి వీధినంతా కలిపి తిట్టాడని ఆమెకు ఇంటికొచ్చాక గాని తట్టలేదు. వీధిలోనేమో పలకరింపులు పోయాయి. ‘‘బయటోళ్ల చేతికి కట్టె ఇచ్చి మనల్ని కొట్టిస్తాండావ్’’ అంది ఎదురింటామె. పొగిడినవాడి మీద కోపమూ, తిట్టినామె మీద జాలీ కలిగి, రమీజాకు ఆ పూట అన్నం సయించలేదు.

శుక్రవారం చీపుర్లు పట్టుకుని పోతే మౌలాలి జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తాళంచెవి అందులోనే ఉంది.

‘‘ఇప్పుడు తలుపు తీస్తే టీవీవోళ్లు గెలిసినట్ల. తీయకపోతే మేం రాక్షసులం. నన్నేం చేయమంటావ్‌మా?’’

‘‘గది ఊడ్సమంటాండా మామా,’’ అంది రమీజా.

ఊడ్చలేదు. చర్చ గెలిచింది! ఆ తర్వాత వారం వారం చర్చే. గదిలో బూజు పెరిగింది, సందీప్ చూపరులు పెరిగారు. ఇమాంబీ మాత్రం ఆటోల సందుకే పోయింది.

ఇంత చల్లగా సాగుతుంటే ఎవరి కన్ను పడిందో, ఒక గురువారం పిడుగుపడి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. టీవీలు మూగబోయాయి, ఫోన్లు చచ్చాయి. తెల్లారితే శుక్రవారం. మౌలాలి అటూ ఇటూ చూశాడు. గెలిచామనడానికి గాని ఓడామనడానికి గాని ఎవరూ లేరు. తాళం తీశాడు. తనే ఒక చీపురు పట్టాడు. ఎదురింటామె కూడా చాప చంకన పెట్టుకుని వచ్చింది, రమీజాతో మాట్లాడకుండానే.

నమాజు ముగించుకుని బయటికొచ్చిన ఇమాంబీని ఎట్లుందని అడిగాడు మౌలాలి.

‘‘గాలాడ్డంలేదప్పా. కిటికీ పెట్టించు,’’ అంది ముసలామె.

కరెంటు రాగానే సందీప్ ఫోను. ఆ తలుపు ఎన్నటికైనా తెరుచుకునేనా అన్నది నేటి చర్చట. తెరిచి, ఊడ్చి, నమాజు కూడా చేసుకున్నామంది రమీజా. అవతల సందీప్ ఏడుపు గొంతుతో ఫోను పెట్టేశాడు.

ఈ కథంతా నేను మా ఇంట్లో ఆవేశంగా చెప్పాను. రమీజా పక్షాన అరుగు మీద ఎంత వాదించానో కూడా చెప్పాను. మా ఆవిడ వెంకటలక్ష్మమ్మ చేటలో శనగలు చెరుగుతూ అంతా విన్నది.

‘‘బాగుంది. మన గుడి కమిటీలో ఒక్క ఆడమనిషన్నా ఉందా? ప్రసాదం వండేది మేము, పంచె సర్దుకొని కూసునేది మీరు. రేపు మీటింగుకు నేనూ వస్తాండా.’’

ఇంత లోతైన విషయాన్ని తొందరపడి తేల్చేస్తారా ఎవరైనా? వెంటనే సందీప్‌కు ఫోన్ చేశాను. మా ఊళ్లో మహావిప్లవం మొదలైందని, పెద్ద మనుషులను నలుగుర్ని కూర్చోబెట్టి త్వరగా చర్చ పెట్టమని, ఏళ్ల తరబడి సాగినా ఫర్వాలేదని బతిమాలాను.

జనరేటరు ఖర్చు నాదే. కరెంటు మాత్రం పోకూడదు!