బాదం చెట్టుకు సంజాయిషీ మెమో

"ఇకమీదట ప్రతి ప్రభుత్వోద్యోగీ రోజుకు పది నిమిషాలు చెట్టును చూసి తీరవలెను. చూడనివారిపై క్రమశిక్షణ చర్య తీసుకోబడును. చూసి కూడా ప్రశాంతత పొందనివారు అందుకు గల కారణాలను మూడు ప్రతుల్లో సమర్పించవలెను."

ఇదీ ప్రజా ప్రశాంతత శాఖ మంత్రిగారు విడుదల చేసిన ఉత్తర్వు. పథకం పేరు 'చెట్టు చూడు - చింత వీడు'. మీరు పేపర్లో చదివే ఉంటారు. మంత్రిగారు మొక్కకు నీళ్లు పోస్తున్న ఫొటో కూడా చూసే ఉంటారు. ఆ మొక్క ప్లాస్టిక్‌దని గిట్టనివాళ్లు అన్నారు. అంటే అన్నారు, నీళ్లు మాత్రం నిజమైనవే. పక్కన నిలబడి తడిసినవాణ్ని, నాకు తెలియదా?

నేను ఆ శాఖ ప్రధాన కార్యాలయంలో నివేదికల గుమాస్తాను. ఎవరెవరు ఎంతెంత ప్రశాంతంగా ఉన్నారో నెలనెలా పట్టిక వేసి పైకి పంపడం నా పని. మనశ్శాంతి గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అది ఉన్నవాళ్లకు తప్ప.

ఇంత గొప్ప పథకం ఎవరి బుర్రలో పుట్టిందని చాలామంది అడుగుతుంటారు. బుర్రలో పుట్టలేదండీ. మా టైపిస్టు అక్క నోరు జారితే పుట్టింది.

ఆవిడ ఆఫీసులో అందరికీ అక్కే. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడైన తోటమాలి కూడా అక్కా అనే పిలుస్తాడు. మూడేళ్ల కిందట ఆవిడ భర్త పొద్దున్న పనికి వెళ్లినవాడు మళ్లీ ఇంటికి రాలేదు, కబురే వచ్చింది. అప్పట్నుంచీ ఆవిడకు చేతుల్లో వణుకు పట్టుకుంది. కీబోర్డు మీద వడగళ్లు పడ్డట్టు ఉండేది చప్పుడు. ఒక్కో అక్షరం నాలుగేసి సార్లు పడేది. ఇంట్లో మంచం దిగని అత్తగారు, బడికెళ్లే కూతురు. ఉద్యోగం పోతే ముగ్గురూ రోడ్డున పడతారు. మందులు మింగింది, లాభం లేదు. చివరికి డాక్టరు, "కాస్త పచ్చదనం కనిపించేచోట కూర్చోమ్మా" అన్నాడట. అప్పటి సూపరింటెండెంటు, పాపం పుణ్యాత్ముడు, రిటైరయ్యే ముందు ఆవిడ బల్లను మొదటి అంతస్తు కిటికీ పక్కకు జరిపించి వెళ్లాడు. కిటికీ అవతల ఒక బాదం చెట్టు. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఏపుగా పెరిగింది.

ఏడాది తిరిగేసరికి అక్క చేతులు కుదుటపడ్డాయి. "ఏం చేశావక్కా?" అంటే, "ఏం చేశాను తమ్ముడూ, పేజీ అయిపోయినప్పుడల్లా అటు చూసేదాన్ని. అంతే" అంది.

ఆ మాట నాతో అని ఊరుకుంటే బాగుండేది. కొత్త డైరెక్టర్ గారితో కూడా అంది.

డైరెక్టర్ గారు మహా నిశితమైన మనిషి. ఒకరోజు ఆవిడ పాత ఫైలు, కొత్త టైపు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికే వచ్చారు. వెనకాల నేను.

"చేతులు వణుకుతాయని ఇందులో రాసుంది. ఇక్కడ చూస్తే పేజీలో ఒక్క తప్పు లేదు. ఏమ్మా, ఏ డాక్టరు?"

"డాక్టరు కాదండీ. ఆ చెట్టు."

"ఏ చెట్టు?"

"అదిగోండి, బాదం చెట్టు."

డైరెక్టర్ గారు కిటికీలోంచి చూశారు. ఆయన వచ్చి ఎనిమిది నెలలైంది. చెట్టుకు అప్పటికి ముప్ఫై ఏళ్లుంటాయి. ఇద్దరికీ అదే తొలి పరిచయం.

"ఇది మనదేనా?"

"మన కాంపౌండులోనే ఉందండీ" అన్నాను.

"మరి స్టాకు రిజిస్టర్లో ఎందుకు ఎక్కించలేదు?"

ఆ సాయంత్రానికల్లా ఎక్కించాం. వరుస సంఖ్య 418, కుర్చీలకూ కూలర్లకూ మధ్య. డైరెక్టర్ గారు సంగతంతా మంత్రిగారికి రాశారు. వారానికల్లా ఉత్తర్వు వచ్చింది, ఇందాక మీరు చదివింది.

ఇక అమలు. ఆఫీసులో మేం రెండువందల పన్నెండు మందిమి. చెట్టు కనిపించే కిటికీ ఒక్కటి. ఎనిమిదేసి మంది చొప్పున ఇరవై ఏడు బ్యాచ్‌లు వేశాం. ఎనిమిది మంది నిలబడాలంటే అక్క బల్ల అడ్డం. డైరెక్టర్ గారు మీటింగు పెట్టి, "ఈ పథకానికి మీరే స్ఫూర్తి. కాబట్టి ఈ త్యాగం చేసే హక్కు కూడా మీకే ఉంది" అన్నారు. బల్లను సెల్లార్లో పాత ఫైళ్ల గదికి దింపారు. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. గట్టిగానే కొట్టాను.

మర్నాటి నుంచి ప్రశాంతత మొదలైంది. ఒకాయన మెడలో విజిల్ వేసుకుని కిటికీ పక్కన నిలబడేవాడు. విజిల్ ఊదితే చూడాలి, మళ్లీ ఊదితే ఆపాలి.

"మీ తల కాస్త పక్కకు పెట్టండి సార్, నాకు కొమ్మ కనబడట్లేదు."

"తలెక్కడ పెట్టుకోమంటారు, జేబులోనా?"

"పొద్దుట్నుంచీ తలపోటు. ఆకు చూద్దామని వస్తే మీ మోచెయ్యి చూపిస్తున్నారు."

"నిన్న మీ బ్యాచ్ పదకొండు నిమిషాలు చూశారు! మా నిమిషం ఎవరిస్తారు?"

నాలుగో రోజున తొమ్మిదో బ్యాచ్‌కీ పదో బ్యాచ్‌కీ కాలర్లు పట్టుకునేదాకా వెళ్లింది. రోజుకు నాలుగున్నర గంటలు ఈ విజిళ్ల మధ్య ఎవరికీ పని సాగక, మిగిలింది ఇంటికి మోసుకెళ్లాం. చెట్టు చూడకముందు, చూశాక అందరి బీపీ కొలిచి నేను పట్టిక వేశాను. చూశాక పెరిగింది. డైరెక్టర్ గారు పట్టికను అటూ ఇటూ తిప్పి చూసి, 'ముందు' అన్నచోట 'తర్వాత' అనీ, 'తర్వాత' అన్నచోట 'ముందు' అనీ దిద్దారు. ఒక్క అంకె కూడా మార్చలేదు. అంత నిజాయితీపరుణ్ని నా సర్వీసులో చూడలేదు.

ఇంతలో మంత్రిగారు స్వయంగా చెట్టు చూడటానికి వస్తున్నారని కబురు. సరిగ్గా అప్పుడే ఆ మాయదారి చెట్టు ఆకులు ఎర్రబడ్డాయి. తర్వాత రాలడం మొదలెట్టాయి. పది రోజుల్లో బోడి కొమ్మలు మిగిలాయి. ఇరవై ఏడు బ్యాచ్‌లూ క్రమం తప్పకుండా బోడి కొమ్మల్నే చూశాయి.

డైరెక్టర్ గారు తోటమాలిని పిలిపించారు.

"ఎవరి అనుమతితో రాల్చింది?"

"అది బాదం చెట్టండీ. ఏటా రాలుస్తుంది. ఓ మూడు వారాలు ఓపిక పడితే నిగనిగలాడుతూ చిగురేస్తుంది."

"వేస్తుందని రాతపూర్వకంగా ఏమన్నా ఉందా?"

తోటమాలి తల గోక్కున్నాడు. "చెట్టు ఏం రాసిస్తుందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను. రాసివ్వని దాన్ని నమ్మి మంత్రిగారిని పిలవమంటావా?"

చెట్టుకు మెమో తయారైంది. 'వరుస సంఖ్య 418 అయిన నీవు, పథకం అమలులో ఉండగా, ముందస్తు అనుమతి లేకుండా ఆకులు రాల్చి ఉద్యోగుల మనోబలాన్ని దెబ్బతీసినందుకు నీపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను.' టైపు చేయమని సెల్లార్‌కు పంపారు.

కాగితం తీసుకుని దిగింది నేనే. అక్క చదివింది. మళ్లీ చదివింది.

"దీన్ని నాచేత కొట్టిస్తున్నారా తమ్ముడూ?"

ఆ గదిలో ట్యూబ్‌లైటు, ఫైళ్ల దుమ్ము. గోడ పైన, నేలమట్టానికి జానెడెత్తున, ఇనప చువ్వల వెంటిలేటర్ ఒకటి ఉంది. అందులోంచి చూస్తే చెట్టు మొదలు మాత్రం కనిపిస్తుంది, అంతే. అక్క చేతులు కీబోర్డు మీద పెట్టింది. మళ్లీ వడగళ్ల వాన. మెమోలో పదకొండు తప్పులు దొర్లాయి. అక్కకు కూడా ఒక మెమో ఇచ్చారు. మరోసారి తప్పులు పడితే అనారోగ్య కారణాలపై ఇంటికి పంపాల్సి వస్తుందని అందులో ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. నాకు ఒళ్లు మండింది. మండిన ఒళ్లుతోనే రెండు మెమోలకూ నెంబర్లు వేశాను.

ఒక మెమోను మేకుతో చెట్టుకు కొట్టారు. ఏడు రోజులు చూశాం. సంజాయిషీ రాలేదు. చట్ట ప్రకారం ఇంకో మూడు రోజులు గడువిచ్చారు, అదీ డైరెక్టర్ గారి మంచితనం. అప్పటికీ మౌనమే. ఎనిమిది మంది సభ్యుల కమిటీ 'చెట్టు సహకరించుటలేదు' అని తేల్చింది. కొట్టేసే పని తోటమాలికే అప్పజెప్పారు. రెండు రోజులు కొట్టాడు. మూడోరోజు వచ్చి, డైరెక్టర్ గారి మొహం చూడకుండా, "మొదలంటా తీసేశానండీ" అన్నాడు. అలాగే రాసుకున్నాను.

చెట్టు లేకుండా మంత్రిగారికి ఏం చూపిస్తారని మీకు భయం వేయొచ్చు. డైరెక్టర్ గారు అంత తేలికైన మనిషి కాదు. చెట్టు పచ్చగా ఉన్న రోజుల్లో పథకం ప్రచారానికని నాలుగు నిమిషాల వీడియో తీసి ఉంచారు. కిటికీకి అడ్డంగా గోడంత స్క్రీన్ బిగించి అది వేశారు. ఎండలో తళతళలాడే ఆకులు. మూడో నిమిషంలో ఒక ఉడుత కుడివైపు నుంచి ఎడమవైపుకు పరిగెత్తేది. నాలుగు నిమిషాలకోసారి అదే ఉడుత, అదే పరుగు. ఎడమ నుంచి కుడికి ఎప్పుడు వెళ్లేదో ఎవరికీ తెలియదు.

మంత్రిగారు వచ్చినరోజు కుండపోత. కారు దిగి మెట్లెక్కేలోపే గొడుగు పట్టినవాడితో సహా తడిసి ముద్దయ్యారు. తల తుడుచుకుంటూ స్క్రీన్ ముందు నిలబడి, కళ్లు పెద్దవి చేశారు.

"ఏమయ్యా, ఊరంతా వాన పడుతుంటే మీ చెట్టు మీద ఎండ కాస్తోందే!"

డైరెక్టర్ గారు చేతులు కట్టుకుని, "అంతా తమరి పథకం చలవ సార్" అన్నారు.

మంత్రిగారు విలేకరుల వైపు తిరిగి, "రాసుకోండయ్యా" అన్నారు. కుర్చీ తెప్పించుకుని చూస్తూ చూస్తూ మూడో ఉడుత దగ్గర నిద్రపోయారు. లేచాక ఇంకో ఉత్తర్వు: ప్రతి ఆఫీసూ తన ఆవరణలో ఉన్న చెట్లను, మొక్కలను చిగుళ్లతో సహా లెక్కించి నివేదిక పంపాలి. ఒక్కటి కూడా పథకం నుంచి తప్పించుకోకూడదు.

మా ఆఫీసు నివేదిక పదకొండు పేజీలు. దాన్ని తీసుకుని సెల్లార్‌కు దిగాను. ఇందులో తప్పులు పడితే అక్క ఇంటికే. "నేను కొట్టేస్తానక్కా, నువ్వు కూర్చో" అందామని నోట్లోనే అనుకుంటూ వెళ్లాను.

అక్క కుర్చీ గోడ దగ్గరికి జరిగి ఉంది. తల పైకెత్తి వెంటిలేటర్ వైపు చూస్తోంది. నన్ను చూడగానే ఉలిక్కిపడి లేచి, కుర్చీని ఇవతలికి లాగేసింది. నేనూ మునివేళ్ల మీద లేచి చూశాను. చువ్వల అవతల తోటమాలి మొదలంటా తీసేసిన చెట్టు, జానెడు మిగిలే ఉంది. దాని పక్క నుంచి రెండు రెమ్మలు లేచాయి. రాగిరంగు ఆకులు, చంటిపిల్ల చెవులంత.

"ఎన్నాళ్లయిందక్కా?"

"పన్నెండు రోజులు." గొంతు తగ్గించింది. "నీకు దణ్ణం పెడతాను తమ్ముడూ, ఎవరితోనూ అనకు. పోయినసారి నేనే నోరు జారాను."

నేను కాగితాలు బల్ల మీద పెట్టాను. అక్క కూర్చుంది. పది పేజీలయ్యాయి. పదకొండో పేజీలో నేను ఖాళీగా వదిలినచోట ఆగింది.

"'ఆవరణలో ఉన్న చెట్లు, మొక్కలు, చిగుళ్లు.' ఏం కొట్టమంటావు?"

ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. అంకెల మీద శీర్షికలు మార్చడం చూశాను గానీ, నా చేత్తో నేను అబద్ధం రాసి ఎరగను.

"లేవు అని కొట్టక్కా" అన్నాను.

కొట్టింది.

సాయంత్రం డైరెక్టర్ గారు పదకొండు పేజీలూ తిరగేశారు. వెనక్కి తిరగేశారు. ఒక్క తప్పు లేదు. అక్కను పైకి పిలిపించారు. "ఏమ్మా, చేతులు మళ్లీ బాగుపడ్డాయే! ఈసారి ఏమిటి మందు?"

అక్క నా వైపు చూడలేదు. స్క్రీన్ వైపు చూసింది. ఉడుత అప్పుడే కుడివైపు నుంచి బయల్దేరింది.

"అదేనండీ" అంది. "మీరు పెట్టించిన స్క్రీన్. రోజూ ఇరవై ఏడో బ్యాచ్‌లో వచ్చి చూస్తున్నాను కదండీ."

డైరెక్టర్ గారి మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "విన్నావుగా, రాసుకో" అన్నారు.

రాసుకున్నాను. మూడు ప్రతుల్లో.