నాలుగుసార్లు ఇల్లు వదిలిన కొరొతిమి

ఆ గురువారం కొరొతిమి అనుకున్న పనులు రెండే. పొద్దున తొమ్మిదింటికి కుండలు నెత్తిన పెట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి. పన్నెండుకల్లా తిరిగొచ్చి మొగుడికి అన్నం వండాలి.

వెళ్ళిపోయేది సినిమా కోసం. మా బోబో-జులాసో ఊళ్ళో పెలాజీ అనే ఆవిడ, తన మీదికి సవతిని తెచ్చారని పుట్టింటి కుండలతో సహా నడిచి వెళ్ళిపోయిన ఇల్లాలి కథ తీస్తోంది. బజారులో బొబ్బర్ల వడలు అమ్ముకునే కొరొతిమి నెత్తిన గంపతో నడిచే తీరు చూసి, ఆ ఇల్లాలు నువ్వేనంది. పదిహేనేళ్ళుగా వడల్ని తప్ప తనను ఎవరూ మెచ్చుకోని కొరొతిమికి ఆ వేషం ప్రాణమైపోయింది. మొగుడు సియాకా సరేనన్నాడు గానీ, ఆ సరే గొంతు దాటి రాలేదు. ఏ రోజు ఏం తీస్తారో కూడా అడగలేదు, అడిగితే నిజంగా ఒప్పుకున్నట్టవుతుందని. అత్తగారు ఫన్తా మాత్రం తెగేసి చెప్పింది.

"నీ సినిమా మూలంగా ఒక్కరు మొహం వేలాడేసుకుని మన గడప తొక్కినా సరే, ఆ రోజుతో నీ సినిమా బంద్."

పెలాజీకి అన్నీ అసలైనవే కావాలని పిచ్చి. కొరొతిమి సొంత ఇల్లు, సొంత కుండలే ఉండాలంది. జనం కెమెరా వంకే చూస్తారని దాన్ని వీధి చివర మేడ మీద కిటికీలో దాచింది. ఎవరు పలకరించినా పలకొద్దని, తాను తెల్లగుడ్డ ఊపితే ఇంటికి వెళ్ళి మళ్ళీ బయల్దేరమని చెప్పింది. వీధివాళ్ళకు ఒక మాట చెబుదామని కొరొతిమి అంటే, చెబితే అందరూ పండగ బట్టల్లో వచ్చి నిలబడతారని కొట్టిపారేసింది. అదీ నిజమే. కానీ మా పేటలో పెళ్ళినాటి కుండలన్నీ నెత్తికెత్తుకుని ఇల్లాలు గడప దాటిందంటే దానికి ఒకటే అర్థం, ఆ కాపురం అయిపోయిందని.

కొరొతిమి గడప దాటింది. పక్కింట్లో మామిడిపళ్ళమ్మే వసా పలకరించింది. జవాబు లేదు, పైగా కళ్ళనిండా నీళ్ళు. పలకరింపుకు పలకకపోవడం మా వైపు చెంపదెబ్బ కంటే పెద్ద మాట. వసా పళ్ళు అక్కడే వదిలేసి, రెండు వీధుల అవతల బిడ్డకు పేరు పెట్టే వేడుకలో ఉన్న ఫన్తా దగ్గరికి పరుగెత్తింది.

ఈలోగా ఒక మేక అడ్డొచ్చిందని పెలాజీ గుడ్డ ఊపింది. కొరొతిమి వెనక్కి వచ్చి మళ్ళీ బయల్దేరింది. ఈసారి మూత జారింది. మూడోసారి నడక కుదిరింది గానీ ఏడుపు ఆలస్యంగా వచ్చింది. వేడుక దగ్గర ఫన్తా చెప్పులు వెతుక్కునేంతలో కబురు మీద కబురు చేరింది. వెళ్ళిపోయిందట, మనసు మార్చుకుని వచ్చిందట, మళ్ళీ వెళ్ళిపోయిందట. ఒకే పొద్దున ఇన్నిసార్లు ఇల్లు వదిలిన ఇల్లాలిని వేడుకకొచ్చిన ముసలమ్మలెవరూ ఎరగరు. బిడ్డ పేరు సగంలో వదిలేసి అందరూ లేచారు.

మోటారుసైకిళ్ళ షెడ్డులో ఉన్న సియాకాకు కబురు తెలిసేసరికి చేతిలో పానా జారిపడింది. నేరుగా పాలమ్మే డికో ముసలాయన దగ్గరికి పరుగెత్తాడు. సియాకాది బోబో తెగ, డికోది ఫూలానీ తెగ. ఈ రెండు తెగల మధ్య పరిహాసపు చుట్టరికం ఉంది. ఒకరినొకరు ఎంత తిట్టుకున్నా తప్పులేదు, కానీ తగవు తీర్చడానికి ఒకరొస్తే రెండోవారు కాదనకూడదు. అలిగిన ఇల్లాలిని బతిమాలడానికి పది కోలా గింజలు ఇవ్వడం ఆనవాయితీ. నాలుగోసారి కూడా బయల్దేరిందన్న కబురు అందగానే డికో వేళ్ళు మడిచి లెక్కపెట్టి, నాలుగుసార్లకు నలభై కొనిపించాడు.

నాలుగోసారి అంతా కుదిరింది. మేక లేదు, మూత జారలేదు, ఏడుపు వేళకు వచ్చింది. సరిగ్గా అప్పుడే సియాకా ఎదురొచ్చి పక్కన నడవడం మొదలుపెట్టాడు. వెనక కోలా బుట్టతో డికో. గుడ్డ ఊగలేదు కనుక కొరొతిమి ఆగకుండా నడిచింది.

"నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు," అన్నాడు సియాకా.

కొరొతిమి కుండలు సరిచేసుకుని ముందుకే నడిచింది.

"సోమవారం ఆ పెలాజీ దగ్గరికెళ్ళిన మాట నిజమే. నీ వేషం ఇంకెవరికైనా ఇమ్మని బతిమాలిన మాటా నిజమే. ఆవిడ ఒప్పుకోలేదు."

కొరొతిమి కాళ్ళు ఆగిపోయాయి. సినిమాలో అక్కడ ఆగేది లేదు.

"ఎందుకు?"

"ఊరంతా నిన్ను చూడ్డం మొదలుపెడితే, నువ్వు నన్ను చూడ్డం మానేస్తావేమోనని."

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత, గ్రీజు చేతులతో నిలబడ్డ ఆ మనిషిని చూస్తే జాలేసింది. ఈలోగా వేడుక మొత్తాన్నీ వెంటేసుకుని వచ్చిన ఫన్తా, కోడలి జోలికి పోకుండా కొడుకునే అందుకుంది. నా కోడల్ని నాలుగుసార్లు వెళ్ళగొట్టే మొనగాడివయ్యావా అని నడివీధిలో దులిపేసింది. డికో ఆమెకు తోడయ్యాడు.

"వీడి బుర్ర కంటే నా ఆవు గిట్ట నయం. ఏం కావాలో అడుగమ్మా. వీడు ఇవ్వకపోతే నీ గుమ్మంలోనే మంచం వేసుకుంటా."

"నా వేషం పూర్తి చేస్తాను. మధ్యలో ఎవరూ ఆపకూడదు," అంది కొరొతిమి.

"చెయ్యి. ఇల్లు మాత్రం వదలకు," అన్నాడు సియాకా.

డికో వెంటనే కోలా గింజను విరిచి ముక్కలు పంచాడు. ఇక ఆ మాటకు తిరుగులేదు.

"అసలు ఇల్లు వదిలిందెవరు?" అంటూ కొరొతిమి మేడమీది కిటికీ చూపించింది. అక్కడ పెలాజీ తెల్లగుడ్డతో కళ్ళు తుడుచుకుంటోంది.

సియాకాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక మట్టిలోనే చతికిలబడి, గుండె మీద చెయ్యేసుకుని నవ్వాడు. అది చూసి వీధంతా నవ్వింది. కొరొతిమి మాత్రం బెదురుగా అత్తగారి వంక చూసింది. ఆవిడ పెట్టిన షరతు ఆమె మరిచిపోలేదు. ఫన్తా ఒక్కొక్కరి మొహమూ పరకాయించి చూసింది.

"వేలాడే మొహం ఒక్కటీ లేదులే," అంది.

అప్పుడు పెలాజీ కిందికి దిగొచ్చి, అంతా అద్భుతంగా వచ్చిందని, కాకపోతే కథలో లేనివాళ్ళు ఇరవైమంది కెమెరాలో పడ్డారని, ఇంకొక్కసారి నడవాలని నసిగింది.

ఐదోసారి కొరొతిమి ఇల్లు వదిలినప్పుడు, కుండలు సర్ది నెత్తికెత్తింది అత్తగారే.